పాత్ర పరివర్తన: స్క్రీన్‌ప్లేలో దాని ప్రణాళిక, బొగ్గుగనుల సీమ కథలు

సినిమా మొదలైనప్పుడు ఒక పాత్ర చేయలేని పనిని ముగిసేసరికి చేయగలిగితే, లేదా అప్పటిదాకా అలవోకగా చేసిన పనిని ఇక చేయలేకపోతే, ఆ మధ్యలో జరిగినదాన్ని పాత్ర పరివర్తన అంటారు. తెలుగు సినిమా కథా చర్చల్లో దీన్ని ఎక్కువగా క్యారెక్టర్ గ్రాఫ్ అంటారు. కొత్తతరం రచయితలు క్యారెక్టర్ ఆర్క్ అంటున్నారు. డబ్బు రావడం, పెళ్లి కావడం, శత్రువు చావడం పాత్ర పరిస్థితిలో వచ్చే మార్పులు. పరివర్తన పాత్ర తీసుకునే నిర్ణయాల్లో కనబడాలి. ఈ తేడా పట్టించుకోకుండా రాసిన కథల్లో నాయకుడు క్లైమాక్స్‌లో ఎవరో చెప్పిన నాలుగు మంచిమాటలు విని మారిపోతాడు, చూసేవాడి మనసు మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

ఈ వ్యాసం పరివర్తనను ప్రణాళిక వేసుకునే పద్ధతులను పరిశీలిస్తుంది. ఉదాహరణలకు మంచిర్యాల జిల్లా బెల్లంపల్లినీ, దాని చుట్టూ ఉన్న బొగ్గుగనుల సీమనూ, ఇరుగుపొరుగు కరీంనగర్, సిరిసిల్ల పల్లెలనూ తీసుకుంటుంది. దీనికొక కారణం ఉంది. 2023లో మూడు నెలల వ్యవధిలో ఉత్తర తెలంగాణ నేల మీద నిలబడిన మూడు సినిమాలు వచ్చాయి: మార్చి 3న ‘బలగం’, మార్చి 30న ‘దసరా’, జూన్ 2న ‘పరేషాన్’. ఒకే ప్రాంతపు మనుషులను మూడు రకాలుగా మార్చడానికి, లేదా మార్చకుండా ఉంచడానికి, ముగ్గురు దర్శకులు చేసిన ప్రయత్నాలివి. పక్కపక్కన పెట్టి చూస్తే స్క్రీన్‌ప్లే నేర్చుకునేవారికి ఏ పాఠ్యపుస్తకమూ ఇవ్వనంత సరుకు ఇందులో దొరుకుతుంది.

శాస్త్రాలు చెప్పినది

భరతుడి నాట్యశాస్త్రం నాయకుడి ప్రయత్నాన్ని ఐదు అవస్థలుగా చూసింది: ఆరంభం, ప్రయత్నం, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమం. కథాశరీరాన్ని ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శ, నిర్వహణం అనే ఐదు సంధులుగా కట్టింది. గర్భసంధిలో ఫలం చేతికి అందినట్టే అంది జారిపోతుంది. విమర్శసంధిలో కోపమో, ప్రలోభమో, ఆపదో అడ్డం పడుతుంది. మన ఇంటర్వల్, ప్రీ క్లైమాక్స్ దాదాపు ఈ రెండు చోట్లే పడతాయి. అయితే ఇవన్నీ నాయకుడు ఫలానికి ఎంత దూరంలో ఉన్నాడో చెప్పే కొలతలు. లోపల అతడు ఎంత మారాడన్నది వీటితో తేలదు. ఆ ప్రశ్నను సూటిగా అడిగినవాడు గ్రీకు తాత్వికుడు అరిస్టాటిల్. తెలియనితనం నుంచి తెలివిడికి రావడం, తలరాత తలకిందులు కావడం ఒకే క్షణంలో జరిగితే నాటకం గొప్పదవుతుందని అతని అభిప్రాయం. ‘ఈడిపస్’ అందుకు అతను చూపిన ఉదాహరణ.

ఇరవయ్యో శతాబ్దంలో లాయోష్ ఎగ్రి కథను పాత్రలోంచి పుట్టించాలన్నాడు. జోసెఫ్ క్యాంప్‌బెల్ 1949లో ప్రపంచ పురాణాలన్నిటిలో ఒకే వీరయాత్ర ఉందన్నాడు. సిడ్ ఫీల్డ్ 1979లో మూడంకాల నమూనా ఇచ్చాడు. క్రిస్టఫర్ వోగ్లర్ 1992లో క్యాంప్‌బెల్ మాటను హాలీవుడ్ రచయితలకు అందేలా మార్చాడు. తెలుగులో పరుచూరి గోపాలకృష్ణ సినిమా కథా శిల్పంపై పరిశోధన చేసి డాక్టరేట్ పొందారు. తర్వాత తన వీడియో ప్రసంగాల్లో ఎన్నో తెలుగు సినిమాల కథనాన్ని విప్పి చెప్పారు.

వీరయాత్ర నమూనా బెల్లంపల్లిలో ఒకచోట ఇబ్బంది పెడుతుంది. ఆ నమూనాలో నాయకుడు ఇల్లు విడిచి తెలియని లోకంలోకి వెళ్తాడు, చీకటి గుహలో దిగుతాడు, మారి తిరిగొస్తాడు. గని కార్మికుడు ఆ గుహలోకి ప్రతి షిఫ్టుకూ దిగుతున్నాడు. మస్టర్ (హాజరు) పడ్డాక దిగడం, షిఫ్టు దిగాక క్వార్టర్‌కు రావడం అతని నిత్యజీవితం. అతనికి పరీక్ష బాయి(గని)లోకి దిగడంలో లేదు, బాయి లేని రోజున ఏం చేస్తాడన్నదాంట్లో ఉంది. నమూనాను నేలకు తగ్గట్టు తిప్పి రాసుకోవాలనడానికి ఇంతకన్నా మంచి నిదర్శనం నాకు కనబడలేదు.

తెలుగు తెర మీద

మన సినిమా మొదట్లో పరివర్తనను భక్తి కథల్లో చూపింది. కె.వి. రెడ్డి తీసిన ‘యోగి వేమన’ (1947)లో నాగయ్య పోషించిన వేమన భోగలాలసుడు. అన్న కూతురి మరణం అతన్ని లోకం నుంచి విడదీస్తుంది. ‘పాండురంగ మహాత్మ్యం’ (1957)లో ఎన్.టి. రామారావు వేసిన పుండరీకుడు తల్లిదండ్రులను హింసించి, కాళ్లు పోగొట్టుకున్నాక కళ్లు తెరుస్తాడు. రెండింటిలోనూ మార్పు ఒక పెద్ద దెబ్బతో వస్తుంది. వేమన కథ ఇప్పటికీ నిలవడానికి కారణం, ఆ దెబ్బ తగలకముందే అతనికి ఆ పిల్ల మీద ఉన్న ప్రేమను దర్శకుడు ఓపికగా నాటి పెట్టడం.

గౌతం ఘోష్ తీసిన ‘మా భూమి’ ఇంకో దారి తొక్కింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా వచ్చిన ఈ సినిమాలో సాయిచంద్ వేసిన రామయ్య పల్లె వదిలి హైదరాబాద్ చేరి, అక్కడి శ్రమజీవులతో కలిసి చదువూ రాజకీయమూ నేర్చుకుని పల్లెకు తిరిగొస్తాడు. ఇక్కడ దెబ్బ కన్నా నేర్చుకోవడం ముఖ్యం. క్రిష్ ‘గమ్యం’ (2008) ధనిక యువకుడిని మోటార్ సైకిల్ మీద ఊళ్లు తిప్పి మార్చింది. దేవా కట్టా ‘ప్రస్థానం’ (2010)లో సాయికుమార్ వేసిన లోకనాథం కిందికి జారే పాత్ర. ఒక్కో తప్పునూ కప్పిపెట్టడానికి ఇంకో పెద్ద తప్పు చేస్తూ పోయే ఆ క్రమం, పతనాన్ని ఎలా మెట్లుగా కట్టాలో నేర్చుకోవాలనుకునేవారు తప్పక చదవాల్సిన స్క్రీన్‌ప్లే.

మారని పాత్ర కూడా గొప్ప కథ కాగలదు. బి. నర్సింగరావు ‘దాసి’ (1988)లో కమలాక్షి దొర గడీ గోడలు దాటదు, దాటే దారీ లేదు. మారాల్సింది ఆమె చుట్టూ ఉన్న లోకమని చూసేవారికి అర్థమవుతుంది. అర్చనకు ఆ పాత్ర జాతీయ ఉత్తమ నటి పురస్కారం తెచ్చింది.

కొమరం భీం జీవితం

బెల్లంపల్లి నుంచి రైలు పట్టాల వెంట ఉత్తరానికి వెళ్తే ఆసిఫాబాద్, ఇంకా పైన బల్లార్షా. ఆ దారిలోనే, కల్పన అక్కర్లేని ఒక పరివర్తన ఉంది. గోండు యువకుడు కొమరం భీం భూమి తగాదాలో సిద్దిక్ అనేవాణ్ని కొట్టి చంపి ఊరొదిలి వెళ్లడం, చాందా వైపు ఒక ప్రెస్సులో పనిచేస్తూ అక్షరాలు నేర్వడం, అస్సాం తేయాకు తోటల్లో కూలి చేయడం, తిరిగొచ్చి గూడేలను కూడగట్టి నిజాం ప్రభుత్వాన్ని ఎదిరించి 1940లో జోడేఘాట్ దగ్గర చనిపోవడం అందరూ చెప్పుకునే కథే. సాహు, అల్లం రాజయ్య కలిసి దీన్ని నవలగా రాశారు. అల్లాణి శ్రీధర్ సినిమాగా తీశారు. ‘ఆర్ఆర్ఆర్’ (2022) ఆ పేరును తీసుకుని పూర్తిగా ఊహాకథ అల్లింది.

ఈ జీవితాన్ని స్క్రీన్‌ప్లేగా మలచాలనుకునే రచయితకు మొదటి ప్రలోభం, ప్రెస్సునూ తేయాకు తోటలనూ ఒక పాటలో చుట్టేయడం. అలా చేస్తే భీం పుట్టుకతోనే వీరుడన్న భావన మిగులుతుంది. ఊళ్లో కోపంతో కర్ర ఎత్తినవాడు తిరిగొచ్చాక అర్జీ పట్టుకుని ముందుగా అధికారులతో మాట్లాడి చూశాడు. ఆ ఓపిక ఎక్కడ వచ్చిందో చూపించేవి ఆ మధ్య సంవత్సరాలే. కర్ర నుంచి అర్జీకి, అర్జీ నుంచి మళ్లీ తుపాకీకి జరిగిన ఆ నడక ఈ కథకు వెన్నెముక.

మూడు సినిమాలు

‘బలగం’ దర్శకుడు వేణు యెల్దండి సిరిసిల్ల ప్రాంతపు మనిషి. ప్రియదర్శి వేసిన సాయిలు అప్పుల్లో మునిగి, రాబోయే పెళ్లి కట్నంతో గట్టెక్కాలనుకుంటాడు. సరిగ్గా అప్పుడే తాత కొమరయ్య చనిపోతాడు. మనవడికి ఆ చావు ముందు ఒక ఆటంకంగానే కనబడుతుంది. తర్వాత కాకి పిండం ముట్టదు. ఇక్కడ రచయిత చేసిన పని గమనించాలి. మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు అని ఆచారమే గడువులు పెట్టింది. ఊరంతా చూస్తుండగా ప్రతి గడువులోనూ ఇంటివాళ్లు ఓడిపోతారు. పాత్రను తరిమే ఒత్తిడిని బయటి నుంచి అరువు తెచ్చుకోకుండా ఆ నేల మీది నమ్మకంలోంచే తీశారు. తాత మనసులో ఏముందో వెతకడం మొదలుపెట్టినప్పుడు సాయిలు కోరిక డబ్బే. వెతుకుతూ పోయేకొద్దీ తాతను కొత్తగా తెలుసుకుంటాడు. నల్లి బొక్క దగ్గర మొదలై ఏళ్ల తరబడి సాగిన బావాబావమరుదుల పంతం కూడా అదే వేగంతో కరగడం వల్ల, మారినవాడు ఒక్కడే అనిపించదు, ఇల్లంతా మారింది. చివర్లో బుడగజంగాల పాట ఆ మాటలన్నీ చెప్పేస్తుంది. ఏ పాత్ర నోటా పెట్టలేని మాటలను కళాకారుల గొంతుకు అప్పగించడం గొప్ప నిర్ణయం. మూడింటిలో పాత్ర ప్రణాళిక బలంగా ఉన్నది ఇదేనని నా అభిప్రాయం.

‘దసరా’ దర్శకుడు శ్రీకాంత్ ఓదెల గోదావరిఖని నుంచి వచ్చినవారు, సుకుమార్ దగ్గర పనిచేశారు. కథ సింగరేణి గనుల పక్కన వీర్లపల్లి అనే ఊళ్లో జరుగుతుంది. రైళ్ల మీది బొగ్గు దొంగిలించి బతికే ధరణికి తాగితే తప్ప ధైర్యం రాదు. ఆ పాత్రను నాని పోషించారు. ధరణి నిర్ణయాలు మూడు. స్నేహితుడు సూరి ప్రేమిస్తున్నాడని తెలిసి వెన్నెల మీద తన ప్రేమను దాచుకుంటాడు. సూరి హత్య తర్వాత విధవరాలైన వెన్నెల మెడలో తాళి కడతాడు. ఆఖరున హంతకుల మీదికి వెళ్తాడు. మొదటి నిర్ణయానికి అతనే మూల్యం చెల్లిస్తాడు, రెండోదానికి వెన్నెల చెల్లిస్తుంది, ఆమెను అడగకుండానే. ఆ పనికి కారణం సినిమా వెంటనే చెప్పదు గనుక ప్రేక్షకుడు ఆ మనిషిని అనుమానిస్తూ కూర్చోవాల్సి వస్తుంది. అది చాలా ధైర్యమైన ఎత్తుగడ. భయస్తుడి మార్పుకు రుజువు చివరికి నరకడంలోనే చూపడం మాత్రం ఆ గ్రాఫ్‌ను మామూలు దారికి తెచ్చింది. తాళి సీనులో పుట్టిన ప్రశ్నలకు కత్తి జవాబు ఇవ్వలేదు.

రూపక్ రొనాల్డ్‌సన్ తీసిన ‘పరేషాన్’ మంచిర్యాల కుర్రాళ్ల కథ. తిరువీర్ వేసిన ఐజాక్ తండ్రి సింగరేణి కార్మికుడు. కొడుక్కి నౌకరి కోసం తండ్రి సమకూర్చిన డబ్బు స్నేహితుల అవసరాలకు కరిగిపోతుంది. ఇది ముందుగా హాస్యచిత్రం, గ్రాఫ్ మీద పెద్దగా ధ్యాస పెట్టలేదు. కానీ దానిలోని పరిస్థితి, తండ్రి చెమటలోంచి కొడుకు నౌకరి పుట్టాలన్న ఆశ, ఈ సీమలో ఇంటింటా ఉన్నది. దాన్ని నవ్వులు దాటి లోతుకు తీసుకెళ్లే సినిమా ఇంకా రావాలి.

ఈ నేల పెట్టే ఒత్తిళ్లు

విలియం కింగ్ 1871లో ఇల్లెందు దగ్గర బొగ్గు కనుగొన్నాడు. 1920లో గనుల సంస్థకు సింగరేణి కాలరీస్ పేరు వచ్చింది. ఆ దశాబ్దం చివర్లో బెల్లంపల్లిలో గనులు తవ్వడం మొదలైంది. ఊరు గనితో పుట్టింది, గనితో పెరిగింది. భూగర్భ గనులు ఒకటొకటిగా మూతపడుతుంటే పలచబడింది. ఒకరోజు సమ్మె చేస్తే ఎనిమిది రోజుల జీతం కోత అన్న నిబంధన మీద 1981లో 56 రోజుల సమ్మె ఇక్కడి కార్మికులదే. తెలంగాణ రాష్ట్రం కోసం సాగిన 2011 సకల జనుల సమ్మెలో బొగ్గు ఆపిందీ వాళ్లే.

రచయితకు ఈ చరిత్ర ఎందుకంటే, ఇక్కడి మనిషి ఒంటరిగా మారడం అరుదు. సమ్మెలో ఒకడు నిలబడితే పక్కింట్లో పొయ్యి ఆరుతుంది. ఒకడు స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకుంటే అతని కొడుకు లెక్క మారుతుంది. అల్లం రాజయ్య, పి. చంద్ వంటి రచయితల గని కథల్లో ఈ గుణం స్పష్టంగా ఉంది. కథా చర్చకు కూర్చునేముందు ఆ కథలు చదివితే ఎంతో మేలు.

ఒక పాత్రను కట్టి చూద్దాం

బెల్లంపల్లి కంపెనీ క్వార్టర్‌లో పెరిగిన ఒక యువకుణ్ని ఊహించండి. తండ్రి ముప్పై ఏళ్లుగా బాయి మీద ఉన్నాడు. కార్మికుడు మెడికల్ బోర్డులో అన్‌ఫిట్ అయితే అతని పిల్లల్లో ఒకరికి కారుణ్య నియామకం దొరికే ఏర్పాటు ఉంది. కనుక ఈ కొడుకు కోరిక ఏమిటి? తన తండ్రి పనికిరాడని డాక్టర్లు తేల్చాలి. ఇంత భయంకరమైన కోరికను అతను ఎంతో మామూలుగా, ప్రేమగా కూడా కోరుకుంటాడు. కథకు కావాల్సిన బీజం ఇదే.

ప్రణాళిక ఆఖరి నిర్ణయం నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి. చివర్లో ఆ నౌకరి చెల్లెలికి వెళ్లడానికి అన్న అంగీకార పత్రం మీద సంతకం పెడతాడు అనుకుందాం. మొదటి సీనుల్లో ఆ సంతకం అతనికి ఊహలో కూడా లేకూడదు. చెల్లెలు అప్పుడే ఇంట్లో ఉండాలి, తండ్రి కాగితాలన్నీ ఆమే నింపుతుండాలి, ఎవరూ దాన్ని పనిగా లెక్కపెట్టకూడదు. తర్వాత ఫలించాల్సింది ఇప్పుడు నాటడమంటే ఇదే.

మొదటి మలుపులో అతను రాబోయే నౌకరిని చూపి అప్పు చేస్తాడు. ఇప్పుడు వెనక్కి పోలేడు. ఇంటర్వల్‌కు తండ్రి బోర్డు ముందు తాను బాగానే ఉన్నానని చెప్పేస్తాడు. కొడుక్కి అది ద్రోహం. మస్టర్ పడని రోజున తాను ఎవరో తనకే తెలియదన్నది తండ్రి భయం. సెకండాఫ్‌లో కొడుకు ఆ భయాన్ని కనుక్కోవాలి, కానీ ఎవరూ చెప్పడం వల్ల కాదు. షిఫ్టు లేని ఆదివారం తండ్రి వేకువనే లేచి బూట్లు తుడుచుకుని ఊరికే కూర్చోవడం అతను చూడాలి. ఆ తర్వాత గనిలో కప్పు కూలి తండ్రి గాయపడితే, కోరుకున్నది కోరుకున్నట్టే అతని చేతికొస్తుంది. ఆ క్షణంలో దాన్ని తీసుకుంటాడా, చెల్లెలికి ఇస్తాడా అన్నది నిజమైన క్లైమాక్స్. సంతకం పెడితే అప్పులవాళ్లు ఇంటి ముందుంటారు, అతని పెళ్లి సంబంధం తప్పిపోతుంది. ఈ నష్టం లేకపోతే ఆ సంతకానికి విలువ లేదు. ఇదే కథలో అతను నౌకరి తీసుకుని, తండ్రి కళ్లలోకి చూడలేని మనిషిగా మిగిలితే అది పతనపు గ్రాఫ్ అవుతుంది. రెండూ రాయదగ్గవే.

వన్ లైన్ ఆర్డర్ (సీన్ల వరుస) సిద్ధమయ్యాక ఒక పరీక్ష పెట్టుకోవాలి. పాత్ర తానుగా ఎంచుకున్న సీన్లను వేరే రంగు సిరాతో గుర్తించాలి. రెండున్నర గంటల సినిమాలో అలాంటివి నాలుగైదు కూడా లేకపోతే, ఆ పాత్రకు సంఘటనలు జరుగుతున్నాయే తప్ప ప్రయాణం లేదు. ఆ సీన్లలో ప్రతిదానికీ ముందటిదాని కన్నా ఎక్కువ ధర ఉందో లేదో కూడా చూడాలి. ధర తగ్గితే కథ చప్పబడుతుంది. ఇంకొకటి, వెనకడుగు. ఒకసారి మంచివైపు కదిలిన మనిషి మళ్లీ పాత బుద్ధికి జారే సీను ఒక్కటైనా ఉంటేనే మార్పు నమ్మబుద్ధవుతుంది.

మాటల్లో కూడా ఆ ప్రయాణం వినబడాలి. మొదట ‘నా నౌకరి’ అంటూ తిరిగినవాడు చివర్లో తండ్రితో ‘చెల్లె చేస్తది, బాపూ’ అంటే చాలు, పశ్చాత్తాపపు ప్రసంగం అక్కర్లేదు. ఈ సీమ యాసను హాస్యానికో ఆవేశానికో మాత్రమే వాడే అలవాటు పాత్రలకు అన్యాయం చేసింది. మెల్లగా, మామూలుగా మాట్లాడే తెలంగాణ మనిషిని తెర మీద చూపడం కూడా ఈ పనిలో భాగమే.

మిగిలి ఉన్న పని

పైన చెప్పిన మూడు 2023 సినిమాల్లోనూ ప్రధాన ప్రయాణం మగవాడిదే. ‘దసరా’లో వెన్నెల జీవితం రెండుసార్లు తలకిందులవుతుంది, రెండుసార్లూ నిర్ణయం ఇతరులది. అప్పటికే బయటి లోకం ముందుకు నడిచింది. భూగర్భ గనుల్లో మహిళలు పనిచేయడానికి 2019లో కేంద్రం అనుమతించింది. తండ్రి స్థానంలో, భర్త స్థానంలో సింగరేణిలో చేరిన ఆడవాళ్లు ఇప్పుడు ఉన్నారు. పైన కట్టిన కథను చెల్లెలి వైపు నుంచి మళ్లీ కట్టి చూడండి. అన్న సంతకం ఆమెకు ఆరంభం అవుతుంది, ముగింపు కాదు. తండ్రి దిగిన బాయిలోకి ఆమె మొదటి షిఫ్టుకు వెళ్లే రోజు నుంచి అసలు సినిమా మొదలవుతుంది. బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖనుల్లో ఈ జీవితాలను దగ్గరగా చూస్తున్న యువ రచయితలు ఆ స్క్రీన్‌ప్లే రాయాలి. ఆ పనికి కావాల్సిన భాషా, మనుషులూ, వివరాలూ వాళ్ల ఇళ్లలోనే ఉన్నాయి.